విమానము మారుచోట



విజయనగరము జంక్షనులో బండి మారి బొబ్బిలికి పోవునపుడు మన మూట మనమే దింపుకొని, మరల మనమే యెక్కించుకొందుము. విమానమునకు ఆ పాట్లు లేవని తలంచి నేను చేసిన పొరపాటును మీకు విన్నవించుచున్నాను.

మా యత్తగారు గడచిన సంవత్సరము అమెరికాలోని మా మఱదిగారి యింట ఆఱు మాసములుండి వచ్చిరి. భారతము తడబడక చదువుదురు గాని తెలుగు తప్ప వేఱు భాష యెఱుగరు. పోవునపుడు విశాఖపట్టణములో నిచ్చిన పెట్టెలు, నడుమ రెండు చోట్ల విమానము మారినను, తామే మఱదిగారి యూరు చేరినవి. కావున తిరుగు ప్రయాణమునాడు, "పెట్టెలమాట తలపెట్టకుడు, అవి విశాఖకే వచ్చును" అని టెలిఫోనులో ధైర్యము చెప్పితిని. ఎవరినీ అడుగక చెప్పిన ధైర్యమది!

నియమము వేఱుగా నున్నది. విదేశమునుండి వచ్చువారు మన దేశమున మొదట దిగినచోటనే పాస్‌పోర్టు తనిఖీయు, సుంకపు తనిఖీయు ముగించుకొనవలెను. టిక్కెట్టు ఒక్కటే యైనను, పెట్టెకు కట్టిన చీటీపై విశాఖ పేరే యున్నను, సాధారణముగా పెట్టెను అచ్చటనే తీసికొని, సుంకపు అధికారులను దాటి, మరల దేశీయ విమానమువారికి అప్పగింపవలెను. మన దేశము విడిచి పోవునపుడు ఈ పని లేదు. అమెరికాలోను మొదట దిగినచోట ఇట్టి నియమమే కలదట. మఱదిగారి యూరే ఆ మొదటి చోటగుటచే మాకది తెలియలేదు.

మా యత్తగారు నా మాట నమ్మి, ఒక మహానగరమున తమ పెట్టెలు తిరుగుచున్న పట్టీ ప్రక్కగనే నడచి వచ్చివేసిరి. విశాఖలో చేతిసంచితో వెలుపలికి వచ్చి, "అమ్మాయీ, నేను నీవు చెప్పినట్లే వచ్చితిని, పెట్టెలే నీ మాట వినలేదు" అనిరి. నవ్వవలెనో యేడ్వవలెనో తెలియలేదు. రక్తపుపోటు మాత్రలును, వాటి పేరు వ్రాసిన వైద్యుని చీటియు పెట్టెలోనే! మఱదిగారిని అర్ధరాత్రి లేపి మందు పేరు కనుగొని, శ్రీకాకుళము త్రోవలో మందులంగడి వెదకితిమి. మా వారు బడిలో పిల్లలకు భూగోళము చెప్పుదురు గాని, పెట్టె యెచ్చటనున్నదో చెప్పలేకపోయిరి. అధికారపత్రమును తాళపుచెవులును పంపిన యైదవనాటికి పెట్టెలు వచ్చినవి.

తరువాత విచారింపగా మఱికొన్ని సంగతులు తెలిసినవి. 2008లో తెఱచిన శంషాబాదు విమానాశ్రయమున స్వదేశ విదేశ విమానములు రెండును ఒక్క భవనమునుండియే పోవును. ముంబయిలో నట్లు కాదు. తరువాతి విమానము వేఱొక టెర్మినలునుండి పోవునదైనచో రోడ్డుమీద కొన్ని మైళ్లు పోవలసియుండును. టిక్కెట్టు కొనునపుడే యిది చూడవలెను. నాలుగు రూపాయలు కలిసివచ్చునని రెండు వేఱు టిక్కెట్లు కొనుట మన మగవారికి పరిపాటి. మొదటి విమానము ఆలస్యమైనచో రెండవదానివారికి బాధ్యత లేదు. ఆ కలిసివచ్చిన సొమ్మునకు పడిగాపులు పడునది ముసలితల్లి. చక్రాల కుర్చీ ముందుగా కోరినచో తోడువచ్చు మనిషియే తనిఖీలన్నియు దాటించును. దానికి మా యత్తగారు, "నేనేమి కుంటిదాననా?" అని మూడు దినములు అలిగి, పిమ్మట ఒప్పుకొనిరి.

ఈ మాఘమున వారు మరల పోవుచున్నారు. "ఈ ప్రయాణికురాలికి పెట్టెలు తీసికొనుటలో సాయపడుడు" అని తెలుగునను ఇంగ్లీషునను నేనొక చీటీ వ్రాసియిచ్చితిని. దానిని పుచ్చుకొనిరి. మందులు మాత్రము తామే చేతిసంచిలో సర్దుకొని, ఆ సంచిని నన్ను ముట్టనీయలేదు.