గురక ఆగితే భయం

గురక అనగానే మనవాళ్లకు నవ్వొస్తుంది. కుంభకర్ణుడి నుంచి సినిమా హాస్యం దాకా, గురక పెట్టేవాడు హాయిగా నిద్రపోతున్నాడనే మన నమ్మకం. "అదృష్టవంతుడు, తల ఆనిస్తే చాలు నిద్ర" అని చుట్టాలు నన్ను మెచ్చుకునేవారు. మరమగ్గాల చప్పుడు మధ్య పెరిగిన షోలాపూరు తెలుగువాళ్లకు గురక ఒక లెక్కా?

నా భార్య మాట వేరు. "మీరు గుర్రు పెడితే నాకేం భయం లేదు. గుర్రు ఆగితేనే పానం గుబగుబలాడుతది" అనేది. గురక పెద్దదై పెద్దదై, ఉన్నట్టుండి ఆగిపోతుందట. ఆమె అంకెలు లెక్కపెడుతూ కూర్చుంటే, ఇరవై దగ్గర నేను ఉలిక్కిపడి, పెద్దగా ఊపిరి లాగి మళ్లీ మొదలుపెడతానట. నాకివేవీ తెలియవు. తెల్లవారేసరికి నోరెండిపోవడం, తలనొప్పి, మధ్యాహ్నం లెక్కల పుస్తకం ముందు కునుకు మాత్రమే తెలుసు. మాత్రలు పెంచినా రక్తపోటు దిగలేదు.

ఆ రక్తపోటు చూసే డాక్టరుగారే ఒకనాడు మరాఠీలో "రాత్రీ ఘోరతా కా?" అని అడిగారు. గురక పెడతారా అని. మరాఠీ బళ్లో చదివినా, ఆ మాట నా చెవికి మన "ఘోరం"లాగే వినిపించింది. నేను నోరు తెరిచేలోగా నా భార్య "ఖూప్ ఘోరతాత!" అనేసింది.

ఒక రాత్రి తలకూ ఛాతీకీ తీగలు అంటించి, వేలికి క్లిప్పు తగిలించి పడుకోబెట్టారు. లెక్క తేలింది: గంటకు 38 సార్లు ఊపిరి ఆగడమో, బాగా తగ్గడమో జరుగుతోంది. కనీసం 10 సెకన్లు ఉంటేనే లెక్కలోకి తీసుకుంటారు. గంటకు 5 లోపయితే మామూలు, 30 దాటితే తీవ్రం. జబ్బు పేరు స్లీప్ ఆప్నియా. నిద్రలో గొంతు కండరాలు సడలి గాలి దారి మూసుకుపోతుంది. ప్రాణవాయువు తగ్గగానే మెదడు మనిషిని క్షణంపాటు లేపుతుంది. రాత్రంతా ఇలా లేస్తూనే ఉంటాం, పొద్దున ఒక్కటీ గుర్తుండదు. వదిలేస్తే గుండెజబ్బు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. బండి నడిపేవాడు కునికితే ఎదుటివాడికీ గండమే.

నాకు రాసిన మందు మాత్ర కాదు, యంత్రం. పేరు సీపాప్. ఆస్ట్రేలియా వైద్యుడు కోలిన్ సలివాన్ 1980లో తొలిసారి ఒక రోగికి వాడి, 1981లో లోకానికి తెలియజేశారు. చాలామంది అనుకున్నట్టు ఇది ఆక్సిజన్ కాదు. గదిలోని గాలినే వడకట్టి, కాస్త ఒత్తిడితో మాస్కులోకి పంపుతుంది. ఆ గాలే పందిరికి గుంజలాగా గొంతు మూసుకుపోకుండా నిలబెడుతుంది.

చెప్పినంత సులువుగా అలవాటు కాలేదు. నోరు తెరిస్తే గాలి బుస్సుమనేది. ముక్కు మీద చర్మం కందిపోయింది. నిద్రలోనే మాస్కు పీకి పారేసేవాణ్ణి. సైజు మార్పించాక కందడం తగ్గింది. యంత్రంలో డిస్టిల్డ్ వాటర్ పోసి గాలిని తేమ చేస్తే గొంతు ఎండలేదు. పగలు టీవీ చూస్తూ అరగంట పెట్టుకోవడం అన్నిటికన్నా పనికొచ్చింది. నెల తిరిగేసరికి రాత్రికి ఐదారు గంటలు నిలిచింది. తలనొప్పి పోయింది.

మొదటి రాత్రుల్లో నా భార్యకే నిద్ర పట్టలేదు. ఇన్నేళ్లూ గురక ఆగితే భయపడిన మనిషి, అసలు గురకే లేకపోతే ఏం కావాలి? లేచి నా ఛాతీ మీద చెయ్యి వేసి చూసేది. ఆ చెయ్యి తగిలి మెలకువ వస్తేగానీ, ఆమె ఎన్నేళ్లుగా నిద్ర పాడుచేసుకుందో నాకు బోధపడలేదు.

సిద్ధిపేటలో పెళ్లికి యంత్రం వెంట తీసుకుపోతే, "బావకు ఆక్సిజన్ పెట్టిన్రంట" అని పొద్దున్నే ఊరంతా పలకరింపులు. అందరికీ విప్పి చూపించాను. సాయంత్రం ఒక మరదలు చాటుగా వచ్చి, "మా ఆయనకు కూడా మధ్యల ఆగుతది బావా" అంది.

ఈ యంత్రం జబ్బును మాన్పదు. పెట్టుకున్న రాత్రే పనిచేస్తుంది. బరువు తగ్గడం, పక్కకు తిరిగి పడుకోవడం, మద్యం మానడం మేలు చేస్తాయి. గురక పెట్టే వారందరికీ ఈ జబ్బు ఉండదు. కాని గురక మధ్యలో ఊపిరి ఆగుతుంటే, ఆ సంగతి పడుకున్న వాడికి తెలియదు, పక్కనున్న వారికే తెలుస్తుంది. డాక్టరు దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి.