మాట వెంట మాట

హైదరాబాద్ అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లల గదుల్లోకి వెళ్తే దాదాపు ప్రతి మంచం మీదా ఒక లాంగ్ నోట్‌బుక్ కనిపిస్తుంది. పేజీ మధ్యలో స్కేలు పెట్టి నిలువుగా గీత కొట్టి ఉంటుంది. గీతకు ఎడమ పక్క ఇంగ్లీషు మాట, కుడి పక్క దాని తెలుగు అర్థం. అబేస్, అబాష్, అబేట్, అబ్డికేట్, అలా ఏబీసీడీల వరసలో పోతుంటాయి. రోజుకు ఇన్ని మాటలని కోటా పెట్టుకుని పొద్దున్నే డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ వల్లె వేస్తారు. సాయంత్రం కుడి పక్క చేత్తో మూసి ఒకరినొకరు అడుగుతారు. ఆ పట్టుదల చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. ఊళ్లో పొలం కౌలుకిచ్చి, నెలనెలా హాస్టలు ఫీజు పంపే తల్లిదండ్రులు గుర్తున్న పిల్లలు వాళ్లు. అంత శ్రమకు తగిన ఫలితం రావట్లేదనేదే నా బాధ.

మా మేనకోడలు ఆ నోట్‌బుక్‌ను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పూర్తి చేసింది. బ్యాంకు ఉద్యోగానికి రాతపరీక్ష గట్టెక్కి ఇంటర్వ్యూకి వెళ్లొచ్చిన రోజు ఫోన్ చేసింది. "మామయ్యా, మీ ఊరి గురించి చెప్పమన్నారు. వరదకి చెరువుకు గండి పడిన సంగతి చెబుదామనుకున్నా. నోరు పెగల్లేదు. వాగుడుకాయ అనడానికి ఇంగ్లీషులో నాలుగు మాటలు తెలుసు నాకు. గండి పడింది అనడానికి ఒక్కటీ దొరకలేదు" అంది. దానికి కావలసిన 'బ్రేక్' అనే మాట మూడో తరగతి వాచకంలోనే ఉంది. అది ఆ పిల్లకీ తెలుసు. కాకపోతే ఆ మాట ఆ పిల్లకు పెన్సిలు ముక్క విరగడం దగ్గరే పరిచయం. చెరువు కట్ట దగ్గర, మాట తప్పడం దగ్గర, తెల్లవారడం దగ్గర దాన్ని ఎప్పుడూ కలవలేదు.

నేను చెప్పదలచుకున్నదంతా దాదాపు ఇక్కడే ఉంది. మన పిల్లలు అరుదైన మాటల వెంట పడి, రోజూ పనికొచ్చే మాటలను అర్థం తెలిసిపోయిందనుకుని వదిలేస్తున్నారు. తెలుగులో 'పెట్టు' అనే మాటను చూడండి. అన్నం పెడతాం, సంతకం పెడతాం, పేరు పెడతాం, కేసు పెడతాం, టీ పెడతాం, పెరుగు తోడు పెడతాం. దోసె మాత్రం వేస్తాం, కూర వండుతాం, పాలు కాస్తాం. "టీ వండనా" అని ఎవరైనా అడిగితే ఐదేళ్ల పిల్ల కూడా నవ్వుతుంది. ఆ పిల్లకు ఇవన్నీ ఎవరూ జాబితా రాసి నేర్పలేదు. వంటింటి గడప మీద కూర్చుని వింటూ ఉంటే ఏ మాట పక్కన ఏ మాట కూర్చుంటుందో దానంతటదే పట్టుబడింది. ఇంగ్లీషులో గెట్, టేక్, పుట్, టర్న్ ఇలాంటివే. టీ బాగా ఘాటుగా ఉంటే ఇంగ్లీషువాడు స్ట్రాంగ్ అంటాడు, వాన గట్టిగా పడితే హెవీ అంటాడు. స్ట్రాంగ్ రెయిన్ అనడు. కారణం అడిగితే చెప్పలేడు. మన ఊరి టీకొట్టులో చదువురాని పెద్దాయన కూడా "ఒక స్ట్రాంగ్ టీ" అనే అడుగుతాడు. రెండు మాటలనూ జంటగా విన్నాడు, జంటగానే వాడుతున్నాడు.

జాబితా బట్టీ పట్టడం మనకు కొత్త కాదు. సంస్కృతం నేర్వదలచిన తెలుగు పిల్లవాడి చేత ముందుగా అమరకోశం వల్లె వేయించేవారు. మూడు కాండలు, సుమారు పదిహేను వందల శ్లోకాలు. స్వర్గానికి పేర్లు, కాలానికి పేర్లు, చెట్లకు పేర్లు, అన్నీ వర్గాలుగా. "అమరం నెమరుకు వస్తే కావ్యాలెందుకు కాల్చనా" అని సామెత కూడా పుట్టింది. కానీ ఆ సామెతను నమ్మి పాఠం ఆపేసిన గురువులు లేరు. అమరం వెంటనే రఘువంశం పట్టేవారు. ఒక్కో శ్లోకాన్నీ పదం విడదీసి, అన్వయం చెప్పి, తాత్పర్యం చెప్పి, మర్నాడు అప్పచెప్పించుకునేవారు. అమరంలో కంఠస్థం చేసిన పేరు రఘువంశంలో ఒక రాజు రథం పక్కన కనిపించేసరికి పిల్లవాడికి అది పరిచయస్తుడి ముఖంలా తోచేది. అమరం ఛందస్సులో ఉంది కాబట్టి నాలుక మీద నిలిచింది, కావ్యం వెంట ఉంది కాబట్టి బుద్ధిలో నిలిచింది. ఈనాటి ఇంగ్లీషు జాబితాకు ఆ ఛందస్సూ లేదు, వెంట రఘువంశమూ లేదు.

పైగా ఆ ఏబీసీడీల వరస ఒక చిక్కు. ఒకే రకంగా మొదలయ్యే మాటలను ఒకే పూట నేర్చుకుంటే అవి ఒకదానితో ఒకటి పెనవేసుకుపోతాయి. అబేట్ అంటే తగ్గడమా, సిగ్గుపడడమా అని పరీక్ష హాల్లో తడబడేది అందుకే. అర్థంలో దగ్గరగా ఉండే మాటలదీ ఇదే తంతు. ఒకే కోవకు చెందిన కొత్త మాటలను గుత్తగా నేర్పితే, ఒకదానితో ఒకటి సంబంధం లేని మాటల కంటే ఆలస్యంగా పట్టుబడతాయని 1993లో థామస్ టింకమ్ ప్రచురించిన ప్రయోగాల్లో తేలింది. బట్టీ పట్టింది ఎంత త్వరగా జారిపోతుందో జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థం లేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి కొలిచి, 1885లో పుస్తకంగా వేశాడు. సింహభాగం మొదటి రోజులోనే పోతుంది. వాక్యంలోంచి ఊడదీసిన మాట మనకు ఆ అక్షరాల గుంపు లాంటిదే. అమెరికా వెళ్లే మన ఇంజనీరింగ్ పిల్లలు ఒక తరం పాటు బారన్స్ పుస్తకంలోని పదాల జాబితాను నమిలి మింగింది జీఆర్‌ఈ ప్రవేశ పరీక్షలో వ్యతిరేక పదాలు అడుగుతారని. 2011 ఆగస్టులో పరీక్షను మార్చినప్పుడు ఆ ప్రశ్నలను తీసేసి, ఖాళీల్లో సరిపోయే మాట ఏదో వాక్యం చదివి తేల్చే ప్రశ్నలకు ప్రాధాన్యం ఇచ్చారు. పరీక్ష మారింది గానీ జాబితా మాత్రం మన కోచింగ్ సెంటర్లలోంచి కదల్లేదు.

ఇంగ్లీషు పరాయి భాషగా నేర్చుకునేవాడికి ఏ మాటలు ముందు కావాలి అన్న ప్రశ్నను పట్టించుకున్నవాళ్లలో మైకేల్ వెస్ట్ పేరు ముందు చెప్పాలి. 1920లలో ఆయన ఢాకాలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నడిపేవాడు. బెంగాలీ పిల్లల వాచకాలు ముందేసుకుని చూస్తే ఆయనకు రెండు లోపాలు కనిపించాయి. ఎక్కడా వాడని పాతకాలపు మాటలు ఎక్కువ. కొత్త మాట వెంటే ఇంకో కొత్త మాట వచ్చి పడుతోంది, పిల్లవాడికి ఊపిరి తీసుకునే సందు లేదు. ఆయన కథలను తేలిక మాటల్లో తిరగరాశాడు, కొత్త మాటల మధ్య ఎడం పెంచాడు. 1935లో ఎండికాట్‌తో కలిసి తెచ్చిన నిఘంటువులో ఇరవై నాలుగు వేల ఆరోపాలను, అంటే అర్థం ఇవ్వవలసిన పదాలను, 1,490 మాటలతోనే వివరించాడు. 1953లో సుమారు రెండు వేల మాటల జాబితా వేశాడు. ఆ జాబితా గొప్పతనం, ఒక్కో మాటకు ఎన్ని అర్థాలున్నాయో, వాటిలో ఏది ఎంత తరచుగా వాడుకలో ఉందో లెక్క చూపడం. ఏ మాట తెలుసు అన్న ప్రశ్నతో ఆగకుండా, దాన్ని ఎంత లోతుగా తెలుసు అన్న ప్రశ్న వేసిన మనిషి ఆయన.

రెండోవాడు హార్న్‌బీ. జపాన్‌లో ఇంగ్లీషు పాఠాలు చెబుతూ గేటెన్‌బీ, వేక్‌ఫీల్డ్‌లతో కలిసి కూర్చిన నిఘంటువు 1942లో టోక్యోలో వెలువడింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు దాన్ని వేశారు. మన కళాశాలల్లో అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ అని పిలుచుకునేది దాని సంతతే. ఆ పుస్తకాన్ని అర్థం వెతుక్కుని మూసేసేవాళ్లే ఎక్కువ. ఒకసారి 'అడ్వైస్' అనే ఆరోపం దగ్గర ఆగి నింపాదిగా చూడండి. మాట పక్కన చిన్నగా 'యు' అనే అక్షరం ఉంటుంది. దీన్ని లెక్కపెట్టరు, బహువచనం వేయరు అని దాని సూచన. మనం తెలుగులో సలహాలు అంటాం, సామాన్లు అంటాం, వివరాలు అంటాం. అందుకే 'అడ్వైసెస్', 'లగేజెస్', 'ఇన్ఫర్మేషన్స్' అని మన నోట దొర్లుతాయి. ఆ ఒక్క అక్షరం ఆ తప్పును ఆపుతుంది. కిందే ఉదాహరణ వాక్యాలుంటాయి. సలహా ఇవ్వడానికి ఏ క్రియ, తీసుకోవడానికి ఏ క్రియ, పాటించడానికి ఏ క్రియ, ఒక్క సలహా అనాలంటే ముందు ఏం చేర్చాలి, అన్నీ ఆ నాలుగు వరసల్లోనే. నోట్‌బుక్‌లో అడ్వైస్ అంటే సలహా అని రాసుకున్నవాడికి ఇందులో ఏదీ అందదు. ఇంగ్లీషు నుంచి తెలుగు చెప్పే నిఘంటువు కూడా ఉండాలి, తొలినాళ్లలో అదే ఆధారం. కానీ డిగ్రీకి వచ్చాక కూడా దాని దగ్గరే ఆగిపోకూడదు.

మన దగ్గర ఇంగ్లీషు మాటల పెట్టుబడి లేదనుకోవడం కూడా పొరపాటు. బడికి పోని రైతు నోట్లో స్టార్టర్, ట్రాన్స్‌ఫార్మర్, డ్రిప్పు, సబ్సిడీ, పాస్‌బుక్, సర్వే నంబరు, ఇన్సూరెన్సు ఆడుతుంటాయి. ఇవి మన భాషలో కలిసిపోయాక కొన్ని అర్థం మార్చుకున్నాయి. షుగర్ అంటే మనకు జబ్బు, హోటల్ అంటే ఇడ్లీ దొరికేచోటు, ఫంక్షన్ అంటే పెళ్లో పుట్టినరోజో. ఆ తేడాలు ఒకసారి చెబితే ఏడో తరగతి పిల్లలు ఉత్సాహంగా పట్టేసుకుంటారు. 'నాకు ఇంగ్లీషు అసలు రాదు' అనుకునే పిల్ల చేత తనకు తెలిసిన ఇంగ్లీషు మాటలు రాయించి చూడండి, కాగితం నిండిపోతుంది.

ఇక చదవడం. ఒక పేజీలో నూటికి తొంభై ఎనిమిది మాటలు తెలిసి ఉంటేనే ఎవరి సాయం లేకుండా హాయిగా చదువుకోగలమని పాల్ నేషన్ వంటి పరిశోధకుల లెక్క. ఆ రెండు తెలియని మాటల అర్థం చాలాసార్లు చుట్టూ ఉన్న తొంభై ఎనిమిదే చెబుతాయి. ఈ లెక్కతో చూస్తే, పోటీ పరీక్షల పిల్లలందరికీ అలవాటుగా ఇచ్చే సలహా, పొద్దున్నే 'ది హిందూ' సంపాదకీయం చదవమనడం, మొదటి మెట్టు మీద ఉన్నవాడికి హాని చేస్తుంది. మాట మాటకీ ఆగి నిఘంటువు తిప్పి, అరగంటకు ఒక పేరా దాటి, నావల్ల కాదని పేపరు మడిచేస్తాడు. అదే పేపర్లో ఆటల పేజీతో మొదలుపెట్టమంటాను నేను. రాత్రి మ్యాచ్ చూసి ఉన్నాడు. ఎవరు ఎప్పుడు అవుటయ్యారో, క్యాచ్ ఎవరు వదిలేశారో తెలుసు. తెలిసిన సంగతి మీద తెలియని మాట పడితే అర్థం దానంతటదే విచ్చుకుంటుంది. ఆ తర్వాత జిల్లా వార్తలు, ఆ తర్వాత సంపాదకీయం.

మన పిల్లలకు ఇంకా మంచి దారి ఒకటి ఉండేది. చందమామ 1947లో తెలుగు, తమిళాల్లో మొదలైతే, 1955లో ఇంగ్లీషులోనూ వచ్చింది. తెలుగులో చదివిన విక్రమార్కుడి కథను అదే బొమ్మతో ఇంగ్లీషులో చదువుకునే వీలు ఉండేది. చెట్టు మీద శవం, భుజాన మోత, రాజు మౌనం, కథ ఎటు పోతుందో పిల్లవాడికి ముందే తెలుసు. ఇక మాటలు చూసుకోవడమే పని. ఆ పత్రిక ఆగిపోయినా ఆ పద్ధతి పనికిరాకుండా పోలేదు. ప్రథమ్ బుక్స్ వంటి సంస్థలు ఒకే కథను తెలుగులోనూ ఇంగ్లీషులోనూ వేస్తున్నాయి. కాస్త పెద్ద పిల్లలకు ఆర్కే నారాయణ్, రస్కిన్ బాండ్ ఉన్నారు. తేలిక మాటల్లో రాసేవాళ్లు, మన వీధుల్లాంటి వీధులే, మన బడుల్లాంటి బడులే.

జాబితా మొత్తంగా వద్దనను. చదువుతుండగా రెండోసారి, మూడోసారి ఎదురుపడిన మాటను రాసుకోవాలి. అది కనిపించిన వాక్యాన్ని కూడా పక్కనే రాసుకోవాలి. మర్నాడోసారి, వారానికోసారి, నెలకోసారి ఆ వాక్యం చూసుకుంటే చాలు. ఆ వాక్యంలో ఊరు పేరు మార్చి, మనుషులను మార్చి, తన ఇంటి సంగతి పెట్టి మళ్లీ రాసుకుంటే ఇంకా మేలు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వ బడుల్లోనూ ఇప్పుడు ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంగ్లీషు నేర్పే పద్ధతుల మీద పరిశోధన కోసం 1958లో మన హైదరాబాద్‌లోనే ఒక కేంద్ర సంస్థ వెలిసింది, అదే ఇప్పటి ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ). ఇన్నేళ్ల ఆ జ్ఞానం ఆరో తరగతి గదికి చేరాలంటే పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. తరగతికి యాభై సన్నని కథల పుస్తకాలు, వాటిని బీరువాలో పెట్టి తాళం వేయకుండా కిటికీ పక్కన పరిచే ఒక బల్ల, రోజూ టీచరమ్మ పైకి చదివి వినిపించే పది నిమిషాలు. పుస్తకం చిరిగితే సంజాయిషీ చెప్పాలనే భయం టీచరుకు లేకుండా చేసే ఒక ఉత్తర్వు జిల్లా విద్యాశాఖ నుంచి రావాలి. ముందుగా రావలసింది అదే.