అరకు దారిలో రెండు రోజుల సంచి

విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే బండి పొద్దున్నే బయలుదేరుతుంది. శనివారమైతే జనరల్ పెట్టెలో నిలబడే చోటు దొరకడమే గొప్ప. పై అరల నిండా మూటలు, గంపలు, కాలేజీ పిల్లల బ్యాగులు. నా వీపుసంచి ముప్ఫై లీటర్లది కాబట్టి ఒళ్లోనే ఇమిడింది. మా తోడల్లుడు తెచ్చిన చక్రాల సూట్‌కేసు మాత్రం దారికి అడ్డంగా నిలబడింది. ఎస్.కోటలో ఎక్కిన ఒక పెద్దావిడ దాన్ని కాలితో జరుపుతూ, "ఏటి బాబూ, కాపరానికి ఎల్తన్నారేటి?" అంది. చుట్టూ ఉన్నవాళ్లు ఘొల్లుమన్నారు.

ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లల కేకలు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన లైను ఇది. విశాఖలో ఉక్కపోసిన ఒళ్లు పైకెళ్లే కొద్దీ చలికి ముడుచుకుంటుంది. శాలువా కావాల్సొచ్చింది. నా సంచి జిప్పు మూడు వైపులా తిరిగి పుస్తకంలా తెరుచుకుంటుంది. పైన మూతి మాత్రమే ఉండే సంచైతే అడుగునున్న శాలువా కోసం సామానంతా ఒళ్లో కుమ్మరించుకోవాల్సిందే.

బొర్రా గుహల దగ్గర దిగాం. గుహలోకి దిగడానికీ, మళ్లీ పైకి రావడానికీ మెట్లే మెట్లు. సున్నపురాయి పైకప్పు నుంచి నీటి బొట్లు పడుతుంటాయి, కాళ్ల కింద చెమ్మ. ఒక చెయ్యి కమ్మీ మీద, ఇంకో చెయ్యి ఫోను లైటు మీద ఉంటే సామానుకు మూడో చెయ్యి ఎక్కణ్నుంచి వస్తుంది? చదునైన చోట చక్రాలు మనకు సేవ చేస్తాయి, మెట్ల దగ్గర మనమే వాటికి సేవ చెయ్యాలి. తోడల్లుడు సూట్‌కేసును చంకనెత్తుకుని ఆయాసపడ్డాడు. బయట కోతుల బెడద మరొకటి. చేతిలో వేలాడే ప్లాస్టిక్ కవరు కనబడితే చాలు, లాక్కుపోతాయి. జిప్పు మూసి వీపుకు తగిలించుకున్న సంచి జోలికి రాలేదు.

అక్కణ్నుంచి అనంతగిరి మీదుగా జీపులో అరకు. దారి పొడవునా సిల్వర్ ఓక్ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. జీపు కుదుపులకు ఏ సంచికైనా ముందు తెగేది పట్టీ మొదలే. పట్టీ సంచికి కలిసే చోట చతురస్రంగా కుట్టి, దాని మీద అడ్డంగా గుణకారం గుర్తులా మరో కుట్టు వేస్తే ఆ సంచి చాలాకాలం మన్నుతుంది. బరువైన వస్తువులు వీపుకు ఆనుకుని ఉండేలా సర్దుకుంటే భుజాలు గుంజవు.

తిరుగు ప్రయాణంలో కాఫీ పొడి, మిరియాలు, పసుపు వచ్చి చేరాయి. అందుకే వెళ్లేటప్పుడు సంచిలో మూడో వంతు ఖాళీ ఉంచాలి. బ్రాడ్‌గేజి స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదిగా ఒకప్పుడు పేరుపడ్డ శిమిలిగుడ (996 మీటర్లు) దాటుతుండగా తోడల్లుడు, "అన్నయ్యా, వచ్చేవారం పూర్ణా మార్కెట్‌కి వెళ్దాం, నాకూ ఇలాంటిదొకటి చూడు" అన్నాడు. సరేనన్నాను, ఒక షరతు మీద: ఖాళీ సంచిని అద్దం ముందు తగిలించుకుని మురిసిపోకూడదు. ఇంట్లో సామాను వెంట తెచ్చి, దుకాణంలోనే నింపి, పక్కనున్న మెట్లు రెండుసార్లు ఎక్కి దిగాలి. రంగు సంగతి ఆ తర్వాత.