పాత ఇల్లు పడగొట్టాలా?

హైదరాబాదులోని ఫలక్‌నుమా ప్యాలెస్ పేరు మీరూ వినే ఉంటారు. చార్మినార్‌కు దక్షిణాన గుట్టమీద, 1884లో మొదలుపెట్టి పాయిగా నవాబు వికారుల్ ఉమ్రా కట్టించుకున్న ఇల్లది. తర్వాత ఆరో నిజాం చేతికొచ్చింది. ఆ పైన ఏళ్ల తరబడి తాళాలు పడి, దుమ్ముకొట్టుకుపోయింది. అయినా కూలగొట్టలేదు. దాదాపు పదేళ్లు బాగుచేయించి, 2010లో తాజ్ వాళ్లు హోటలుగా తెరిచారు. దగ్గరుండి చూసుకున్నది ఏడో నిజాం మనవడిని పెళ్లాడిన ఎస్రా. ఆడమనిషేనండీ! గదులు అరవయ్యే. 101 మంది కూర్చునే భోజనాల బల్లను అలాగే ఉంచారు. అక్కడ ఒక్క రాత్రి అద్దె మన నెల సరుకుల ఖర్చును మించిపోతుంది, అది వేరే సంగతి.

ఇదంతా ఎందుకంటే, మిర్యాలగూడలో మా తల్లిగారిల్లు పాతకాలపు భవంతి. నడుమ వాన కురిసే వాకిలి, చుట్టూ టేకు స్తంభాలు, ఆరు అర్రలు. అమ్మ పోయాక ఖాళీగా ఉంది. రైసుమిల్లుల పనిమీద వచ్చేవాళ్ల కోసం దాన్ని పడగొట్టి లాడ్జి కడతారట మా తమ్ముళ్లు. నా సంతకమూ కావాలట.

"మనదేం ప్యాలెస్ కాదక్కా" అన్నాడు చిన్నోడు. నిజమే. కానీ సూర్యాపేట నుంచి కోదాడ దాకా రోడ్డు పొడుగునా చూడండి, లాడ్జీలన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఒక్కో అర్రకు వెనకవైపు స్నానాల గది తీయండి, వాకిలి మీద కోతులు దూకకుండా జాలీ వేయండి, వంటింటిని మాత్రం కదపొద్దు, వచ్చినవాళ్లకు సర్వపిండి, పచ్చిపులుసు పెడదాం అన్నాను. పెద్దోడు మేస్త్రీతో లెక్క వేయిస్తానన్నాడు. ఆ లెక్క చూశాకే సంతకం మాట.