నీళ్ళ మీద లారీలు

ఉత్తర అమెరికా పటం తీసి కెనడా దేశాన్ని చూడండి. దాని ఉత్తరభాగాన గ్రేట్ స్లేవ్ అనే పెద్ద సరస్సు ఉన్నది. ఆ సరస్సు ఒడ్డున యెల్లోనైఫ్ అనే పట్టణం ఉన్నది. అక్కణ్ణించి ఈశాన్యంగా వేలు జరిపితే చిన్నవీ పెద్దవీ సరస్సులు తప్ప ఊళ్ళు కనిపించవు. రోడ్డు గీత కూడా కొద్దిదూరంలోనే ఆగిపోతుంది. అయినా ఏటేటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో వేలకొద్దీ లారీ లోడ్లు ఆ దిక్కుగా పోతాయి. రోడ్డు లేనిచోట లారీలు ఎలా పోతాయంటారా? సరస్సుల మీదుగానే పోతాయి! రండి, మనమూ ఒక లారీ ఎక్కి చూద్దాం.

ఉన్నిబట్టలు బాగా తొడుక్కోండి. బయట చలి సున్నాకు దిగువన 30 డిగ్రీలు. ఒక్కొక్కరోజు 40 కూడా ఉంటుంది. చలికాలం మన ఇళ్ళలో కొబ్బరినూనె గడ్డకట్టటం చూశారుగా? అంత చలిలో డీజిలులోని మైనం కూడా అలాగే పేరుకుని గొట్టాలకు అడ్డం పడుతుంది. అందుచేత డ్రైవరు కిందికి దిగినా ఇంజను ఆపడు.

యెల్లోనైఫ్ నుంచి మామూలు రోడ్డు సుమారు 70 కిలోమీటర్లు పోయి, టిబ్బిట్ అనే సరస్సు దగ్గర ఆగిపోతుంది. మంచుబాట మొదలయ్యేది అక్కడే. దీన్ని మొదట 1982లో ఒక బంగారు గని కోసం వేశారు. తరువాత ఆ ప్రాంతంలో వజ్రాలు బయటపడ్డాయి. 1998లో ఎకాటి గని, 2003లో డయావిక్ గని పని ప్రారంభించాయి. (మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో ఒకప్పుడు వజ్రాలు తవ్వేవారని మీరు చదివే ఉంటారు. ఆ గనివాళ్ళకు ఈ బాధ లేదు!) గనులకు ఏడాదికి సరిపడా నూనె, సిమెంటు, యంత్రాలు ఈ రెండు నెలల్లోనే చేరాలి. బాట పొడవు సుమారు 400 కిలోమీటర్లు. అందులో నూటికి 85 పాళ్ళు గడ్డకట్టిన సరస్సుల మీదే!

గడ్డకట్టింది కదా అని ఎక్కి పోవటానికి వీల్లేదు. మంచుపలక మీద కురిసిన మంచు దుప్పటిలా పనిచేసి, చలిని కిందికి దిగనివ్వదు. కాబట్టి ముందుగా ఆ దుప్పటిని 50 మీటర్ల వెడల్పున తోసివేస్తారు. అప్పుడు పలక దళసరి అవుతుంది. చాలని చోట కన్నం చేసి, అడుగునున్న నీటినే పైకి తోడి పారిస్తారు, అదీ గడ్డకడుతుంది. రాడారుతో మందం కొలుస్తారు. 70 సెంటీమీటర్లు ఉంటే తేలిక బరువులను వదులుతారు. 40 టన్నుల బరువు పోవాలంటే మీటరుకు పైగా ఉండాలి.

అంత మందం ఉన్నా మన లారీ గంటకు 25 కిలోమీటర్లు దాటదు. ఎందుచేత? నులకమంచం మీద పడుకుంటే మంచం మీ కింద గుంటగా దిగుతుంది గదా! మంచుపలక నీటి మీద తేలుతూ ఉంటుంది గనక, లారీ కింద అదీ కంటికి కనిపించనంత కొద్దిగా వంగుతుంది. లారీ కదిలితే ఆ వంపూ కదులుతుంది. దాని తోపుకు అడుగునున్న నీటిలో అల లేస్తుంది. లారీ వేగమూ, అల వేగమూ ఒకటైతే వచ్చింది ముప్పు. ఉయ్యాలను సరిగ్గా అదనుకు తోస్తే ఊపు పెరిగినట్టు, అల పెద్దదై పలకను పగలగొడుతుంది. ఒడ్డు దగ్గర మరీ ప్రమాదం. నీరు లోతు తక్కువ కావటంతో అల వేగం తగ్గుతుంది. పైగా అది ఒడ్డుకు కొట్టుకుని వెనక్కి మళ్ళుతుంది. అక్కడ మన డ్రైవరు 10 కిలోమీటర్లకు తగ్గిస్తాడు.

ఈ అల సంగతి రష్యాలో లడోగా సరస్సు మీద చాలా ఘోరమైన రోజుల్లో తెలిసివచ్చింది. 1941లో జర్మను సేనలు లెనిన్‌గ్రాడ్ నగరాన్ని ముట్టడించాయి. నవంబరు చివరినాటికి పిల్లలకు దొరికినది రోజుకు 125 గ్రాముల రొట్టె. పిండి రావటానికి ఆ సరస్సు తప్ప నేలదారి లేదు. నవంబరు 22న లారీలు మంచు మీదికి దిగాయి. మునిగితే దూకటానికి వీలుగా, అంత చలిలోనూ డ్రైవర్లు తలుపులు తెరిచి నడిపారు. ఎన్నో లారీలు మునిగాయి. పలచని మంచు మీద నిలిచినది కొన్నిచోట్ల మందమైన మంచు మీద ఎందుకు విరుగుతున్నదో మొదట అంతుబట్టలేదు. భౌతికశాస్త్రజ్ఞులు పలక వంపును కొలిచే పరికరాలు పెట్టి చూస్తే, గంటకు సుమారు 35 కిలోమీటర్ల వేగం ప్రమాదమని తేలింది. దాన్నిబట్టి నియమాలు చేశారు. ఆ బాట మీద పిండి లోపలికి వెళ్ళింది. లక్షలమంది ప్రజలు బయటపడ్డారు.

మళ్ళీ మన లారీలోకి వద్దాం. వెనక లారీ అర కిలోమీటరు దూరాన వస్తున్నది. ఇద్దరి బరువూ ఒకేచోట పడరాదు. ఊరికే ఆగటానికీ లేదు. నిలిచిన బరువు కింద పలక అదేపనిగా కుంగుతుంది. కింద నుంచి టపటపమని పగుళ్ళ చప్పుడు వినిపిస్తున్నదా? బరువుకు మంచు సర్దుకునేటప్పుడు అలా చప్పుడు కావటం మామూలే. డ్రైవర్లకు అది అలవాటు. సినిమాలవాళ్ళు ఇలాంటి డ్రైవర్లను దూకుడు మనుషులుగా చూపిస్తారు. వట్టిది! ఇక్కడ వేగం మీరిన డ్రైవరును బాట మీదికి రానివ్వకుండా ఆపేస్తారు. లెక్క మీరే వేయండి: 25 కిలోమీటర్ల చొప్పున 400 కిలోమీటర్లకు 16 గంటలు. ఒడ్డుల దగ్గర తగ్గించిన వేగమూ, విశ్రాంతీ కలిపితే ఇంకా ఎక్కువే. ఖాళీగా తిరిగివచ్చే లారీలకు మాత్రం కొన్నిచోట్ల వేరే బాట ఉన్నది. అక్కడ 60 దాకా పోనిస్తారు.

2006లో చలి చాలక బాట త్వరగా మూతబడింది. మిగిలిపోయిన సరుకును గనులవాళ్ళు విపరీతమైన ఖర్చు పెట్టుకుని విమానాల్లో తెప్పించుకున్నారు. మామూలు ఏడాదిలో కూడా ఏప్రిల్ వచ్చేసరికి మంచు మెత్తబడి లారీలు ఆగిపోతాయి. వేసవిలో వెళ్ళి చూస్తే బాట జాడే ఉండదు. సరస్సులో నీళ్ళు తళతళలాడుతూ ఉంటాయి. మళ్ళీ చలికాలం రాగానే పనివాళ్ళు వచ్చి, మొదటి సరస్సు దగ్గర మందం కొలవటం మొదలుపెడతారు.