గద్దీల కాపలాకుక్క

కాంగ్రా లోయనుండి ఉత్తరానికి చూచిన ధవళధార్ పర్వతపంక్తి ఎవరో గోడ కట్టి నిలిపినట్లు కనిపిస్తుంది. ఆ గోడకు ఆవల, చంబా సీమలోని భర్మౌర్ ప్రాంతం గద్దీల పుట్టినిల్లు. గద్దీలు శివభక్తులు. గొర్రెలూ మేకలూ వారి సంపద. శీతకాలం కాంగ్రా దిగువ కొండల్లో గడిపి, వసంతం రాగానే మందలను మళ్ళించుకొని పైకి బయలుదేరుతారు. వారిలో కొందరు కుగ్తీ మొదలైన కనుమలు దాటి లాహూల్ పచ్చికబయళ్ళకు చేరుతారు. కుగ్తీ కనుమ ఎత్తు 5,000 మీటర్లు. వానకాలం అక్కడ గడిపి, మంచు కురిసే లోపల వచ్చిన త్రోవనే తిరిగి దిగుతారు. ఈ యాత్రలో కాపరి ఎక్కడ నడుస్తాడో, మంద ఎక్కడ నడుస్తుందో చెప్పవచ్చును గాని కుక్క ఎక్కడ నడుస్తుందో చెప్పడం కష్టం. ఒకప్పుడు ముందుంటుంది, ఒకప్పుడు వెనుకబడుతుంది, ఒకప్పుడు అసలే కనబడదు. బాటసారి దానిని చూడకముందే అది బాటసారిని చూచి ఉంటుంది.

గద్దీ కుక్కలో మొదట కంటబడేది మెడ. మెడ చుట్టూ దట్టంగా పెరిగిన జూలు దానికి సింహపు పోలిక తెచ్చిపెడుతుంది. తల వెడల్పు, దవడ బరువు, ఛాతి విశాలం. రంగు సాధారణంగా నలుపు. రొమ్ముమీద ఒక తెల్లమచ్చ, పాదాల కొనల్లో కొంచెం తెలుపు ఉండడం కద్దు. గోధుమవన్నెవి, చారలు కలవి కూడా లేకపోలేదు. బాగా ఎదిగిన మగకుక్క 40 కిలోల దాకా తూగుతుంది. తోక కుచ్చువలె గుబురుగా ఉండి వీపుమీదికి వంగి ఉంటుంది. రాత్రి చలికి ముడుచుకొని పడుకొన్నప్పుడు ఆ తోకే ముక్కుకు కంబళి. ఒంటిమీది బొచ్చు రెండు పొరలు: పైన పొడుగాటి ముతక వెంట్రుకలు, అడుగున మెత్తని ఉన్ని. మంచు కురిసిన రాత్రి బయటనే పడుకొని, తెల్లవారి లేచి ఒళ్ళు విదిలించుకొంటే పైనున్న మంచు పెళ్ళలుగా రాలిపోతుంది గాని తడి చర్మాన్ని అంటదు. ఎండలు ముదిరేసరికి అడుగుపొర కుచ్చులు కుచ్చులుగా ఊడిపోతుంది. ఆ రోజుల్లో దాని అవతారం చూడముచ్చటగా ఉండదనే చెప్పాలి.

మెడకు ఇనుపపట్టెడ ఒకటి ఉంటుంది. పట్టెడకు వెలుపలివైపు మొనలు తేలి ఉంటాయి. కొత్తవారు దానిని అలంకారమనుకొంటారు. చిరుత పట్టు గొంతుమీదనే పడుతుంది. ఆ పట్టు దొరకకుండా చేయడానికి తరతరాల కాపరులు కనిపెట్టిన ఉపాయమిది. చిరుతకు కుక్కమాంసం కూడా ప్రియమైన ఆహారమే. మందను కాచే కావలివాడే శత్రువుకు భోజనం కావడం ఈ ఉద్యోగంలోని విశేషం.

కాపరుల కుక్కలు లోకంలో రెండు తెగలు. స్కాట్లండు కోలీ వంటివి మందను తోలేవి. అవి నేలకు కరచుకొని, కన్నార్పక చూచి, గొర్రెను బెదరించి నడుపుతాయి; తోడేలు వేటలోని సగభాగం వాటిలో మిగిలి ఉన్నది, చంపే భాగం మాత్రం నిద్రపోయింది. కాచే కుక్కలది వేరొక స్వభావం. వాటిలో ఆ వేట ఆసాంతం నిద్రపోయింది. అవి గొర్రెను తోలవు, గొర్రెల నడుమ తామూ ఒకటై మసలుతాయి. గద్దీ కుక్క తప్పిపోయిన మేకను వెదకి మళ్ళించుకొని వచ్చిందని కాపరులు ముచ్చటగా చెప్పుకొంటారు, అది నిజమే కావచ్చును. కాని అది దానికి వచ్చిన అదనపు విద్య. అసలు కొలువు కావలియే.

ఈ గుణం పుట్టుకతోనే పూర్తిగా రాదు. 1970లలో అమెరికాలో రేమండ్, లోర్నా కాపింజర్ దంపతులు ఐరోపానుండీ తుర్కీనుండీ ఇట్టి కుక్కలను తెప్పించి పరిశీలించారు. పిల్ల తొలి నాలుగు నెలలు ఎవరి నడుమ పెరిగితే వారే తన వారని నమ్ముతుందని వారు గ్రహించారు. గొర్రెల నడుమ పెరిగిన పిల్ల గొర్రెలనే బంధువులుగా ఎంచుకొంటుంది. ఇంటి వసారాలో పెరిగినది మందను లెక్కచేయదు. గద్దీలు ఏ గ్రంథమూ చదువకుండానే ఈ పని చేస్తూ వచ్చారు. బిడారులో పుట్టిన కుక్కపిల్ల గొర్రెపిల్లల వెచ్చదనంలోనే నిద్రపోతుంది. మొక్కజొన్నరొట్టె, మజ్జిగ దాని భోజనం. కాపరి దానిని ముద్దు చేయడు. మితిమీరిన ముద్దు దానిని మందనుండి విడదీసి తన వెంట త్రిప్పుతుందని అతనికి తెలుసు.

పగటిపూట దీనిని చూచినవారు సోమరి అని తీర్మానిస్తారు. రాతిమీద తల ఆన్చి, కన్నులు సగం మూసి పడి ఉంటుంది. పిలిచినా చెవి మాత్రం కదిలిస్తుంది. పొద్దు వాలగానే మరొక ప్రాణి. మంద ఒకచోట ఒదిగి నెమరువేస్తుంది. కాపరి ఉన్ని చోలా కప్పుకొని, నడుముకు చుట్టిన నల్లని డోరా సడలించుకొని, నెగడు ప్రక్కన ఒరుగుతాడు. అతడు ఒరగగానే కుక్క లేస్తుంది. మంద చుట్టూ ఒక చుట్టు తిరిగి, వాసన చూచి, గుర్తులు పెట్టి, గాలి వచ్చే దిక్కున ఎత్తైన తావు చూచుకొని కూర్చుంటుంది. అక్కడినుండి అప్పుడప్పుడు మొరుగుతుంది. ఈ మొరుగుడులో మూడు వంతులు ఎవరినీ ఉద్దేశించినది కాదు. ఇక్కడ ఒక కావలి ఉన్నదని చీకటికి చేసే ప్రకటన. ఆ ధ్వనిలో కాపరి నిశ్చింతగా నిద్రపోతాడు. అతణ్ణి లేపేది మొరుగుడు మారడం. గొంతు దిగి, మధ్య విరామాలు పోయి, ఒకే దిక్కునుండి ఎడతెగక వినవచ్చిన క్షణాన అతని చేయి కర్రమీద పడుతుంది. ఎక్కువ రాత్రులు అంతటితోనే ముగుస్తాయి. ఎలుగుబంటి దారి మార్చుకొంటుంది, చిరుత మరొక లోయకు పోతుంది. కొన్ని రాత్రులు అట్లా ముగియవు. తెల్లవారి లెక్కించుకొన్నప్పుడు గొర్రెలన్నీ ఉండి, కుక్క లేని ప్రొద్దులు కూడా గద్దీల జీవితంలో ఉన్నవి.

క్రీస్తుకు పూర్వం 326 ప్రాంతంలో పంజాబులో సౌభూతి అనే రాజు అలెగ్జాండరు ఎదుట తన కుక్కలను సింహంమీదికి వదిలాడనీ, కాలు కోస్తున్నా ఒక కుక్క తన పట్టు విడువలేదనీ గ్రీకు గ్రంథకర్తలు వ్రాశారు. సభలో మెప్పు పొందడానికి అట్టి కుక్క తగును. మందకు అది పనికిరాదు. శత్రువును తరిమి, కొంత దూరం పోయి, మంద ఒంటరి అయినదని జ్ఞాపకం వచ్చి వెనుకకు మరలే కుక్కే కాపరికి కావలసినది. పట్టు విడువడం తెలియడం ఇక్కడ పిరికితనం కాదు.

హిమాలయానికి ఆవలివైపు టిబెట్టు కుక్కలు దీనికంటె భారీవి. అవి గాడిదలంత ఉంటాయని 13వ శతాబ్ది బాటసారి మార్కోపోలో వ్రాసింది అతిశయోక్తియే. వాటిని గురించి ఇటీవలి జన్యుపరిశోధకులు కనుగొన్నది ఇంకా చిత్రం: ప్రాణవాయువు పలుచనైన ఆ ఎత్తుల్లో బ్రతకడానికి తోడ్పడే జన్యుభాగం వాటికి ఒకప్పుడు తోడేళ్ళతో కలిసిన సంకరం వలన సంక్రమించిందట. ఏ శత్రువును తరమడానికి అవి రాత్రంతా మేలుకొంటాయో, ఊపిరి ఆ శత్రువు పెట్టిన భిక్షయే.

మహాప్రస్థానంలో పాండవుల వెంట నడచిన కుక్క ఏ జాతిదో, ఏ రంగుదో భారతం చెప్పదు. గద్దీ కుక్కను ఎరిగినవారికి మాత్రం ఒక ఊహ కలుగకమానదు. ద్రౌపది పడిపోయింది, తరువాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు. ఆరుగురి మంద ఒక్కరికి దిగింది. వెనుదిరగక ముందుకు సాగిన ఆ ఒక్కని వెంట కుక్క నడచింది. స్వర్గద్వారం దగ్గర ధర్మరాజు చేసిన వాదం అందరూ ఎరిగినదే. కుక్క పక్షాన వాదం ఎవరూ వ్రాయలేదు.

2025లో కర్నాలులోని జాతీయ పశు జన్యువనరుల సంస్థ గద్దీ కుక్కను స్వదేశీజాతిగా నమోదు చేసింది. రాజపాళయం, చిప్పిపారై, ముధోల్ కుక్కల తరువాత ఈ గౌరవం పొందిన నాలుగవది ఇది. మంచి పనే. అయితే పట్టికలో పేరు ఎక్కినంత మాత్రాన కుక్కకు మంద దొరకదు. గద్దీ యువకులు చదువులకూ ఉద్యోగాలకూ పోతున్నారు, అది తప్పు పట్టదగినది కాదు. మందలు తగ్గుతున్న కొద్దీ ఊరకుక్కలతో సంకరం పెరుగుతున్నది. ఉన్న మేలుజాతి పిల్లలను పట్టణవాసులు కొని మైదానాలకు తీసికొనిపోతున్నారు. మండుటెండలో, ఇనుపగొలుసు చివర, మూడు బారల స్థలంలో అది రాత్రంతా మొరుగుతుంది. ఇరుగుపొరుగులు కసురుకొంటారు. యజమాని కుక్క చెడ్డదని నొచ్చుకొంటాడు. అది తన పనినే చేస్తున్నది; కాచవలసిన మందయే అక్కడ లేదు.

శరత్తు ముగిసే వేళ మందలు మళ్ళీ కాంగ్రాకు దిగుతాయి. కోతలు అయిన పొలాల్లో ఎరువుకోసం రైతులు మంద కట్టించుకొని, కాపరికి ధాన్యమో రొక్కమో ఇస్తారు. తెలుగునాట గొల్లలకూ రైతులకూ ఉన్న ఒడంబడిక వంటిదే ఇది. రైతు ఇంటి ఇల్లాలు కాపరికి తెచ్చిన రొట్టెలతో బాటు కుక్కకు ఒకటి విసరుతుంది. అది లేచి, రొట్టె తీసికొని, ఆమె వంక చూడకుండానే పొలం అంచుకు నడచిపోయి, మందకు వీపు త్రిప్పి, చీకటి పడుతున్న దిక్కుకు ముఖం పెట్టి కూర్చుని తింటుంది.