మద్రాసు ఎదుట కొయ్యలు నరికిన ఓడ

శాన్ డియాగో రేవులో ‘స్టార్ ఆఫ్ ఇండియా’ ఓడ మెట్లెక్కుతుంటే నా చూపు ముందు తెరచాప కొయ్యల మీదికే పోయింది. 1865లో, మద్రాసుకు ఎదురుగా మన బంగాళాఖాతంలో, గాలివానలో ఓడను కాపాడుకోవడానికి దీని కొయ్యలు నరికి సముద్రంలో పడేయాల్సి వచ్చింది. మొండి ఓడ ఈడ్చుకుంటూ ట్రింకోమలీ చేరి, తర్వాత కలకత్తాలో మరమ్మతు చేయించుకుంది. ఇంగ్లండుకు తిరిగి వెళ్తుంటే కెప్టెన్ విలియం స్టోరీ చనిపోయాడు. సముద్రంలోనే ఖననం. తుపాను కబుర్లు వింటూ పెరిగిన కోస్తావాణ్ణి, ఆ గాలివానలో డెక్కు మీద గొడ్డలి పట్టుకున్న కళాసీలు నా కళ్ళముందు కదిలారు.

అప్పటికి ఈ ఓడ పేరు యూటర్పీ. 1863లో ఐల్ ఆఫ్ మాన్ దీవిలోని రామ్‌సేలో ఇనుముతో కట్టారు.

నేను ఎక్కువసేపు గడిపింది నడిమి అంతస్తులో. 1871 చివరి నుంచి పాతికేళ్ళు వలస కుటుంబాలు ఇందులో న్యూజిలాండుకు వెళ్ళాయి. అలాంటి ప్రయాణాలు 21. అన్నిటికన్నా త్వరగా ముగిసింది 100 రోజుల్లో, ఆలస్యమైంది 143 రోజుల్లో. దక్షిణ సముద్రాల్లో గాలి పడమటి నుంచి వీస్తుంది. అందుకే పోయేటప్పుడు ఆఫ్రికా కింది నుంచి, వచ్చేటప్పుడు దక్షిణ అమెరికా కొన చుట్టి, ప్రతిసారీ భూమినే చుట్టొచ్చేది. కెరటాలు డెక్కు మీదికి వచ్చినప్పుడు పైమూతలు బిగిస్తే కింద చీకటీ, ఉక్కపోతా, వాంతుల కంపూ. తిండి ఉప్పుమాంసం, గట్టి బిస్కెట్లు. నీళ్ళు కొలిచి ఇచ్చేవారు. ఒక ప్రయాణంలో ఓ తల్లి ఓడలోనే ప్రసవించింది. బిడ్డ పేరు మధ్యలో యూటర్పీ అని చేర్చారు. ఆమెకు పురుడు పోసిన చేతులెవరివో తెలుసుకోవాలనిపించింది.

తర్వాత అలాస్కా సాల్మన్ డబ్బాల కంపెనీ ఈ ఓడను కొని, జాలర్లనూ కూలీలనూ బేరింగ్ సముద్రానికి తీసుకెళ్ళింది. 1906లో ఇప్పటి పేరు పెట్టింది. 1923లో పని ఆగింది.

పైకొచ్చేసరికి స్వచ్ఛంద సేవకులు అడ్డకొయ్య తిప్పే మోకు దగ్గర ఉన్నారు. ఒక పెద్దాయన నాకూ చోటిచ్చాడు. రేవులో గాలి లేదు, ఓడ కదలడం లేదు. ముగ్గురం బలంకొద్దీ లాగితే అడ్డకొయ్య జానెడు జరిగింది.